ఆకు మీదికి జరగండి

పెరడున్న వాళ్లెవరైనా మొక్కలు తొక్కొద్దంటారు. ఆ ఇంటి మామగారు మాత్రం తొక్కకపోతే ఊరుకోరు.

బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. గేటు నుంచి గుమ్మం దాకా మట్టి కనబడకుండా పుదీనా పరిచేసి, వచ్చినవాళ్లందర్నీ దాని మీద నుంచే నడిపించేవారు.

"జరగండి, ఆకు మీదికి జరగండి. పక్కన ఖాళీ లేదు."

పక్కన బోలెడంత ఖాళీ ఉండేది.

"కొత్త బూట్లండీ," అన్నాడు పోస్ట్‌మాన్ ఒకసారి.

"జలుబుకి మందయ్యా. నలిగితేనే పనిచేస్తుంది. తొక్కు."

"నాకు జలుబు లేదే."

"వచ్చాక తొక్కితే ఏం లాభం?"

కొత్తగా కాపురానికొచ్చిన కోడలికి ఈ మందు తలనొప్పి తెచ్చిపెట్టింది. ఇంట్లో గచ్చంతా ఆకుపచ్చ అడుగులు. తుడవలేక చచ్చేది. మామగారి కొడుకు, అంటే ఆవిడ భర్త, ఆకు జోలికే పోడు. బూట్లు చేత్తో పట్టుకుని, గోడవారగా, పిల్లిలా వస్తాడు.

పోయిన ఏడాది అత్తగారికి రెండు కళ్లూ పోయాయి. ఇల్లంతా తానై తిరిగిన మనిషి, ఇప్పుడు గేటువైపు కిటికీ పక్కన మంచానికి అతుక్కుపోయారు. అమ్మ పడుకుని ఉంటుందేమో, చప్పుడు కాకూడదని కొడుకు జాగ్రత్త. ఆవిడ ఆ తడి ఆకు మీద జారిపడుతుందేమోనని భయం కూడా. అందుకే ముంగిలంతా సిమెంటు చేయిద్దామన్నాడు.

"ముందు నన్ను పడుకోబెట్టి, నా మీద పొయ్యండి," అన్నారు మామగారు.

అయినా కొడుకు మేస్త్రీని మాట్లాడేశాడు. కోడలిది మొగుడి పక్షమే.

ఆ మధ్యాహ్నం మామగారు మందుల షాపుకెళ్లారు. బజారు నుంచి వచ్చిన కోడలు, మళ్లీ గచ్చు తుడవడం ఎందుకని, చెప్పులు విప్పి గోడవారగా ఇంట్లోకొచ్చింది. అత్తగారి గదిలోకి తొంగిచూసింది.

జుట్టు విరబోసుకుని, పైట జారిపోయి, మోకాళ్లలో తల పెట్టుకుని ఆవిడ ఏడుస్తున్నారు.

"అత్తయ్యా."

ఆవిడ ఉలిక్కిపడి దుప్పటి మీదికి లాక్కున్నారు. "ఎవరు? ఎంతసేపైంది వచ్చి? వాసన రాలేదే."

"నేనే అత్తయ్యా. ఇప్పుడే వచ్చా. ఏం వాసన?"

కాసేపటికి గాని ఆవిడ మామూలు కాలేదు.

"చూపు పోయిన కొత్తలో అందరూ చప్పుడు చెయ్యకుండా వచ్చి నిలబడేవాళ్లమ్మా. ఎప్పట్నుంచి చూస్తున్నారో తెలిసేది కాదు. బతికుండగానే నన్ను కడసారి చూడ్డానికొస్తున్నట్టుంది అన్నాను మీ మావయ్యతో. మర్నాడే పుదీనా పాతడం మొదలుపెట్టారు. ఎవరైనా తొక్కితే వాసన కిటికీలోంచి ముందొస్తుంది. ఈలోగా జుట్టు ముడేసుకుని, మొహం తుడుచుకుని, గుమ్మం వైపు తిరుగుతాను."

"మావయ్య గారు జలుబుకన్నారే."

"నాకూ అదే చెప్పారు. నేనూ నమ్మినట్టే ఉన్నాను."

ఎప్పుడెళ్లినా నవ్వుతూ ఎదురయ్యే అత్తగారిని చూసి, ఎంత గుండెదిటవు ఈవిడకి అని కోడలు అనుకునేది. ఆ నవ్వుకి ఇంత తయారీ ఉందని ఏనాడూ తట్టలేదు. దువ్వెన తెచ్చి ఆవిడ జడ వేసింది.

సాయంత్రం భర్త గోడవారగా గుమ్మం దాకా వచ్చాడు. కోడలు అడ్డంగా నిలబడింది.

"సిమెంటు వద్దని మేస్త్రీకి చెప్పేశాను," అంది గొంతు తగ్గించి. "మీరు మళ్లీ గేటు దగ్గరికెళ్లి, బూట్లేసుకుని, ఆకు మీద నుంచి రండి."

"నీకూ అంటిందా మా నాన్న పిచ్చి?"

"వెళ్లండి. ముందు రండి, తర్వాత చెప్తాను."

గొణుక్కుంటూ వెళ్లాడు. అప్పుడే మందుసీసాతో వచ్చిన మామగారు, కొడుకు ఆకు మీద అడుగు పెట్టడం చూసి, గేటు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. జరగమని కూడా అనలేదు.

కొడుకు సగం దూరం వచ్చేసరికి కిటికీలోంచి అమ్మ గొంతు హుషారుగా వినిపించింది.

"రండి, రండి. లోపలికొచ్చి కూర్చోండి. మా అబ్బాయి కూడా వచ్చే వేళైంది."

కొడుకు కాళ్లు ఆగిపోయాయి. కాళ్ల కింద నలిగిన ఆకు వాసన కిటికీకేసి పోతోంది. తను రోజూ అమ్మకి తెలియకుండా ఎలా వస్తున్నాడో అప్పుడు తెలిసింది.

"నేనేనమ్మా," అన్నాడు.

కిటికీ ఊచల దగ్గరికి అమ్మ మొహం వచ్చింది.

"నువ్వట్రా," అన్నారు అత్తగారు. "అయితే మర్యాదలేం అక్కర్లేదు. కాళ్లు కడుక్కుని రా."