మూడు చక్రాలైతే పడేదే లేదట!

పోయిన చలికాలం మాట. మేం ఉండేది శంషాబాద్‌లో. రిటైరైన మా ఆయనకు నన్ను వెనకాల ఎక్కించుకుని బండి మీద శ్రీశైలం వెళ్లాలనే కోరిక పుట్టింది. మామూలు మోటారు సైకిల్ కొనాలా, మూడు చక్రాల ట్రైక్ కొనాలా అని నెల రోజులు నా బుర్ర తిన్నారు. చివరికి "మూడు చక్రాలైతే పడేదే లేదు" అని ఆయనే తేల్చేశారు.

ఆయన దోస్తు ఖాజా భాయ్‌కి ట్రైక్ ఉంది. కొనేముందు నడిపి చూద్దామని ఒక ఆదివారం దాన్ని తీసుకుని హిమాయత్ సాగర్ వైపు బయల్దేరాం.

"అన్నా, ఇది బైకు లెక్క పక్కకు వాలదు. మలుపుల కాడ హ్యాండిల్ తిప్పాలె" అని ఖాజా భాయ్ ముందే చెప్పాడు.

"ముప్పై ఏండ్లసంది బండి నడుపుతున్న. నాకే చెప్తవా?" అన్నారు మా ఆయన.

మొదటి మలుపు రాగానే ఆయన దర్జాగా ఎడమకు వాలారు. అలవాటు కొద్దీ నేనూ వాలాను. ట్రైక్ మాత్రం మా ఇద్దరినీ లెక్కచేయకుండా నేరుగా పోయి, రోడ్డు పక్క ఫంక్షన్ హాలు వాళ్లు వంటలకు వేసిన షామియానాలో దూరింది. "హ్యాండిల్ తిప్పుండ్రి!" అని నేను అరిచినకొద్దీ ఆయన ఇంకా వాలారు. ఉడుకుతున్న బగారా అన్నం డేగిసాకు జానెడు దూరంలో ఆగాం.

"పెండ్లికొస్తే గేటుకెళ్లి రావాలె గదా అక్కా, గిట్ల పొయ్యి మీదికొస్తరేంది?" అంది గరిటె పట్టుకున్న వంటామె.

నేను గబగబా బండి దిగాను. మా ఆయన మీసం సవరించుకుని, "పడలేదు, చూసినవా?" అన్నారు.

చివరికి శ్రీశైలం బస్సులోనే వెళ్లాం. ఘాట్ రోడ్డులో ప్రతి మలుపుకూ ఆయన సీట్లోనే పక్కకు వాలుతూ వచ్చారు. ఈసారి నేను మాత్రం నిటారుగా కూర్చున్నాను.