ట్రెవర్ కట్టిన పార్కింగు

ట్రెవర్ ఆక్రాయిడ్ ఏ పెళ్లిలోనూ కేకు కోసేదాకా ఉన్న మనిషి కాడు. బయట కారుంటుంది, కారుకి పార్కింగు గడువుంటుంది. పెళ్లికూతురి తండ్రి నాలుగు మాటలు చెప్పడానికి లేస్తే, ఈయనా లేచి కోటు తొడుక్కునేవాడు. భార్య లొరెయిన్ పక్కవాళ్లతో, "మా ఆయనకి రెండో పెళ్లాం బయట ఎదురుచూస్తోంది" అనేది. మొదట్లో నవ్వుతూనే అనేది. ముప్ఫై ఏళ్లు ఒకటే మాట అంటే ఎవరి నవ్వయినా అరిగిపోతుంది.

హాలిఫాక్స్ చుట్టుపక్కల కొండవాలు వీధుల్లో, మెట్లెక్కలేని ముసలివాళ్లని కూర్చోబెట్టి పైకి చేర్చే కరెంటు కుర్చీలు అమ్మడం ట్రెవర్ ఉద్యోగం. కారు కంపెనీది. దాన్ని కన్నబిడ్డలా చూసుకునేవాడని ఆఫీసులో అనేవారు. ఆ మాట తప్పు. కన్నబిడ్డ కిర్‌స్టీని అంత జాగ్రత్తగా ఎన్నడూ చూసుకోలేదు.

ఊళ్లో ఇప్పుడు ఖాళీ జాగా అన్నదే లేదు. సూపర్ మార్కెట్టయినా ఆసుపత్రయినా పార్కింగు ఎవరో ఒక ప్రైవేటు కంపెనీ చేతిలో ఉంటుంది. గేటు దగ్గర కెమెరా వచ్చే బండినీ పోయే బండినీ ఫోటో తీస్తుంది. కట్టిన డబ్బుతో లెక్క తేలకపోతే జరిమానా నోటీసు వస్తుంది, కంపెనీ బండయితే ముందు ఆఫీసుకే వస్తుంది. ఆఫీసులో బళ్ల వ్యవహారం చూసే డెబ్రా ఎవరి గోడూ వినకుండా డబ్బు కట్టేసి జీతంలో కోసేది. ట్రెవర్ జీతంలో మాత్రం ఎన్నడూ పెన్నీ కోయలేదు. ఏటా క్రిస్మస్ విందులో ఒక్క నోటీసు కూడా లేని డ్రైవరుగా అతని పేరు చదివేవారు. వెనక బల్లల వాళ్లు గురకపెడుతున్నట్టు నటించేవారు. అది ఎగతాళి అని ట్రెవర్‌కి ఎప్పుడూ తట్టలేదు, లేచి నిలబడి తల వంచేవాడు.

కిందటి వసంతంలో లొరెయిన్ ఆసుపత్రిలో చేరింది. లివరు పూర్తిగా పాడైంది. ఒక మంగళవారం పొద్దున డాక్టరు అతన్ని వరండాలోకి పిలిచి, ఇవాళో రేపో అన్నాడు. ట్రెవర్ లీడ్స్‌లో ఉన్న కూతురికి ఫోన్ చేశాడు. "మధ్యాహ్నం రైలుకి వస్తున్నా, అమ్మని వదిలి ఎక్కడికీ కదలకు నాన్నా" అంది కిర్‌స్టీ.

భోజనాల బళ్లు వార్డులో తిరిగి వెళ్లిపోయాక ట్రెవర్ గడియారం చూశాడు, కోటు అందుకున్నాడు.

"కాసేపు కూర్చో," అంది లొరెయిన్, కళ్లు తెరవకుండానే.

"కారు సంగతి చూసి ఇప్పుడే వచ్చేస్తా."

"వెళ్లు. నీకెప్పుడూ అదేగా."

ఆ మాట విసుక్కుని అందో, వేళాకోళానికి అందో అతనికి తెలియలేదు. ఇప్పటికీ తెలియదు.

జేబులో చిల్లర అయిపోయింది. చిల్లర నాణేలు దాచుకునే దగ్గుబిళ్లల డబ్బా పాత కారులో ఉండిపోయింది. నాలుగేళ్లు నడిపిన ఆ కారుని ముందు వారమే వెనక్కి తీసుకుని, కంపెనీ అతనికి కొత్తది ఇచ్చింది. కార్డులంటే అతనికి నమ్మకం లేదు. కింద దుకాణంలో ఒక పేపరు కొని నోటు మార్చాడు. మిషను దగ్గర వరసలో నిలబడి, బండి నంబరు కొట్టి, నాణేలు వేసి, పేపరు చంకలో పెట్టుకుని పైకొచ్చాడు. మంచం చుట్టూ తెర లాగి ఉంది. తెర పక్కన కిర్‌స్టీ నిలబడి ఉంది, భుజం మీది సంచి ఇంకా దింపలేదు.

"నేనొచ్చేసరికి అమ్మ దగ్గర ఎవరూ లేరు," అంది. తర్వాత ఆమె చూపు పేపరు మీద పడింది. "పేపరు కొనుక్కోవడానికి వెళ్లావా?"

"కాదు, పార్కింగు కట్టడానికి. చిల్లర కోసమని..."

కిర్‌స్టీ సంచి దింపి కింద పెట్టింది. ఆ మాట నమ్మాలో వద్దో తేల్చుకోలేదు. అంత్యక్రియలు అయ్యేదాకా తండ్రి ఇంట్లోనే ఉంది, వచ్చినవాళ్లకి టీలూ హ్యామ్ శాండ్‌విచ్‌లూ అందించింది. రాత్రిళ్లు తండ్రితో ఒకటీ అరా మాట కూడా కలిపింది. అంతలో ఆఫీసు నుంచి డెబ్రా పంపిన కవరు వచ్చింది. తలుపు సందులోంచి పడ్డ ఉత్తరాలన్నీ పరామర్శ కార్డులే అనుకుని కిర్‌స్టీ దాన్నీ చించింది. లోపల ఆసుపత్రి పార్కింగు కంపెనీ నోటీసు నకలు. ఫలానా మంగళవారం, ఫలానా బండి, పొద్దున లోపలికి, సాయంత్రం బయటికి. దాని కింద, చెల్లింపు ఏదీ లేదు అన్న ఒక్క వాక్యం.

కిర్‌స్టీ ఆ కాగితాన్ని తండ్రి కంచం పక్కన పెట్టింది.

"అమ్మ పోతుంటే పేపరు కొనుక్కోవడానికి వెళ్లావు. సరే, మనుషులన్నాక భయపడి బయటికి పోతారు, అదైనా నేను అర్థం చేసుకునేదాన్నేమో. ఆవిడ శవం పక్కన నిలబడి నాతో అబద్ధం ఎందుకాడావ్?"

"కట్టానమ్మా, నా చేత్తో కట్టాను."

"ఇక్కడ లేదు."

ఆ సాయంత్రమే ఆమె లీడ్స్ వెళ్లిపోయింది. తర్వాత అతను ఫోన్ చేస్తే ఎత్తలేదు.

ట్రెవర్‌కి లోకంలో ఇక మిగిలింది ఆ పిల్ల ఒక్కతే. ఆ పిల్లకీ తనకీ మధ్య అడ్డం పడిందల్లా ఒక్క వాక్యం. దాన్ని కొట్టేయిస్తే చాలనుకున్నాడు. అప్పీలు రాయాలని మర్నాడే ఆఫీసుకి వెళ్లాడు.

"దేని మీద అప్పీలు?" అంది డెబ్రా. "డబ్బు కట్టేశాంగా. కట్టేస్తే ఒప్పుకున్నట్టే, ఇక అప్పీలుండదు."

"నన్నడక్కుండా ఎందుకు కట్టారు?"

"ఎవర్నడిగి కట్టాను ఇన్నాళ్లూ? రూలు మీకూ అంతే ట్రెవర్. లొరెయిన్ సంగతి విన్నాను, పాపం. పువ్వులు అందాయా?"

పార్కింగు కంపెనీకి ఫోన్ చేశాడు. బండి ఎవరి పేరున ఉందో వాళ్లతోనే మాట్లాడతాం, మీరెవరో మాకు తెలియదు అన్నారు. ఆ బండి నడిపింది నేనేనయ్యా అన్నాడు. అయితే మీ ఆఫీసు వాళ్ల చేత రాయించండి అన్నారు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఇక్కడ దేవుడికీ మనసు లేదు, పూజారికీ లేదు. పైగా ఇద్దరిలో ఎవరు దేవుడో తేల్చుకోవడానికే అతనికి నెల పట్టింది.

ఆఖరికి ఒకరోజు ఆసుపత్రికే వెళ్లి ఆ మిషను ముందు నిలబడ్డాడు. ఆ రోజు ఏం చేశాడో మళ్లీ అలాగే చేసి చూడాలనుకున్నాడు. వేళ్లు వాటంతట అవి బండి నంబరు కొట్టేశాయి. కళ్లెత్తి మిషను తెర మీద మెరుస్తున్న నంబరు చూశాడు. అది పాత కారుది.

వెనక నిలబడ్డ ఒకామె, "ఏమండీ, ఒంట్లో బాగాలేదా?" అని అడిగింది. ట్రెవర్ నవ్వుతున్నాడు. పెళ్లాం పోయాక నవ్వడం అదే మొదలు. తను కట్టాడు. నిజంగానే కట్టాడు. డబ్బు తన పాత కారు పేరున పడిందంతే.

పరుగున డెబ్రా దగ్గరికి వెళ్లి ఒక్క మెయిలు పంపమని బతిమాలాడు.

"కట్టిన డబ్బేం వెనక్కి రాదు," అంది డెబ్రా.

"అక్కర్లేదు. ఆ రోజు పాత నంబరు మీద ఏం పడిందో ఆ లెక్క ఒక్కటి పంపమనండి చాలు."

"ఈ పనికి నా టైము కూడా మీ జీతంలోనే కోస్తాను మరి."

"కోసుకోండి," అన్నాడు ట్రెవర్ సంతోషంగా.

పది రోజులకి జవాబొచ్చింది. నోటీసు రద్దు చేయం, వ్యవహారం ముగిసింది, మీరడిగిన లెక్క ఇదిగో అని. ట్రెవర్ పైన రాసిందేదీ చదవలేదు. పాత నంబరూ, ఆ మంగళవారం తేదీ, చెల్లింపు అన్న మాటా కనబడ్డాయి, అవి చాలనుకున్నాడు. కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని శనివారం లీడ్స్ బయల్దేరాడు.

కిర్‌స్టీ తలుపు సగమే తెరిచింది. అతను గుమ్మంలోనే నిలబడి కాగితం చాపి, కారు మారడం, వేళ్లు పాత నంబరు కొట్టడం, అన్నీ ఒక్క గుక్కలో చెప్పాడు. కిర్‌స్టీ చదివింది. మొహం కొద్దికొద్దిగా మెత్తబడింది.

"నిజంగానే కట్టావు."

"చెప్పానుగా."

"లోపలికి రా. చలిగా ఉంది."

కెటిల్ పెట్టింది. కప్పులు తీసింది, బిస్కెట్ల డబ్బా తీసింది. "అన్నన్ని మాటలన్నాను నిన్ను," అంది వెనక్కి తిరగకుండా. ట్రెవర్ కుర్చీలో వెనక్కి వాలాడు. చాలా కాలానికి కూతురు టీ కలుపుతుంటే చూస్తూ కూర్చున్నాడు, ఆ సంతోషం దాచుకోలేదు.

టీ కప్పు అతని ముందు పెట్టి, కిర్‌స్టీ మళ్లీ కాగితం చేతిలోకి తీసుకుంది. ఈసారి నెమ్మదిగా చదివింది.

"ఇక్కడ రెండున్నాయి నాన్నా."

"పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి. రెండూ కట్టాను."

"పొద్దున కట్టింది మూడింటి దాకా ఉంది. నువ్వు మళ్లీ కట్టింది ఒకటిన్నరకి."

"అవును."

"ఇంకా గంటన్నర ఉంది."

"నేనెప్పుడూ చివరిదాకా ఉంచుకోనుగా," అన్నాడు ట్రెవర్. ఇందులో వింతేముందో అతనికి అర్థం కాలేదు. "మూడింటికి అక్కడ జనం ఎక్కువుంటారు."

కిర్‌స్టీ కాగితం బల్ల మీద పెట్టి మడత సాపు చేసింది.

"నువ్వు లేచినప్పుడు అమ్మ ఏమైనా అందా?"

అబద్ధమాడితే సరిపోయేది. ఆ ఒక్కటీ ఆ మనిషి జన్మలో నేర్చుకోలేదు. అబద్ధాలకోరు అన్న పేరు చెరుపుకోవడానికేగా ఇంత దూరం వచ్చాడు.

"కాసేపు కూర్చోమంది."

కెటిల్ చల్లారుతూ టక్కుమంది. కిర్‌స్టీ తండ్రి మొహంలోకి చూడలేదు, కిటికీలోంచి కింది వీధికేసి చూసింది.

"కారెక్కడ పెట్టావ్?"

"ఆ మలుపులో. అయిదింటి దాకా కట్టాను."

గోడ మీది గడియారం మూడుంపావు చూపిస్తోంది. కిర్‌స్టీ లేచి, కుర్చీకి తగిలించిన అతని కోటు తీసి చేతికిచ్చింది.

"అయితే బయల్దేరు నాన్నా. నీకు టైమైంది."