పాటకు ముందు చప్పుడు

టేపు తాతయ్య రోజూ కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, దూదిని స్పిరిట్‌లో ముంచి, పెద్ద రీళ్ల టేప్‌రికార్డర్ తుడుస్తాడు. తర్వాత భార్య వయసులో ఉన్నప్పుడు పాడిన జోలపాట పెట్టి, మూడు నెలల మనవణ్ణి నిద్రపుచ్చుతాడు.

"ఇంకా ఈ డొక్కెందుకు నాన్నా?" అంటూ కూతురు ఆ పాటను ఫోన్‌లోకి ఎక్కించి, వెనక వచ్చే బుసబుసంతా శుభ్రంగా తీసేసింది. అంతే, రెండు రోజులు పిల్లాడు ఇల్లెగిరిపోయేలా ఏడ్చాడే తప్ప కన్ను మూయలేదు.

"పోనీ, నీ డొక్కే పెట్టు నాన్నా," అంది నీరసంగా.

తాతయ్య మీట నొక్కాడు. టేపు "స్‌స్‌స్" మంటూ కదిలింది. పాట ఇంకా మొదలవకముందే పిల్లాడి పిడికిళ్లు విచ్చుకున్నాయి, కళ్లు మూతపడ్డాయి.

గుమ్మంలో ఉన్న అమ్మమ్మ మూతి ముడిచింది. "అంటే ఇన్నాళ్లూ వీణ్ణి నిద్రపుచ్చింది నా పాట కాదన్నమాట!"

"మెల్లగా!" అన్నాడు తాతయ్య నవ్వాపుకుంటూ. "నీ పాట మొదలైతే లేస్తాడేమోనని నేను హడలి చస్తుంటే!"