కుడివైపు ఫెండరూ, మా అత్తగారి చింతపండూ

ఆ రోజుల్లో కార్ల గురించి నాకు తెలిసింది ఒక్కటే. హెచ్‌వన్ వీసా మీద అమెరికా వచ్చినవాడు సెకండ్‌హ్యాండ్ జపాన్ కారు కొనుక్కోవాలి, అది వెండిరంగులో ఉండాలి. హెర్న్‌డన్‌లో మేముండే టౌన్‌హోమ్‌ల పార్కింగ్‌లో అలాంటివి వరసగా పదకొండు ఉండేవి. డాష్‌బోర్డు మీద వినాయకుణ్ణి చూసి నా కారు గుర్తుపడదామంటే పదకొండింట్లోనూ వినాయకుడే. (రెండుసార్లు పక్కాయన కారు తలుపు లాగి, వీధి మొత్తానికీ అలారం వినిపించిన ఘనత నాది.) అలాంటి నేను ఒక పాత అమెరికన్ కారు రేకు కోసం ఆరు నెలలపాటు మూడు రాష్ట్రాలు తిరిగానంటే ఇప్పుడు నాకే నమ్మబుద్ధి కాదు.

దానికంతటికీ కారణం మా ఎదురింటి పెద్దాయన. స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఆయన గరాజ్‌లో ఎర్రటి మజిల్ కారు ఒకటి ఉండేది. దాని బానెట్ మన డబుల్‌కాట్ మంచమంత. ఇంజన్ స్టార్ట్ చేస్తే మా వంటింట్లో గిన్నెలు గలగలలాడేవి. కుర్రతనంలో కొన్న కారు, పిల్లలు పుట్టాక అమ్మేశారట. నలభై ఏళ్ళ తర్వాత అదే కారు ఒక పొలంలో తుప్పు పట్టి కనిపిస్తే మళ్ళీ తెచ్చుకుని, ఒక్కో భాగమే వెతికి బాగుచేసుకుంటున్నారు. అన్నీ దొరికాయి, కుడివైపు ఫెండర్ తప్ప. ఫెండర్ అంటే ముందు చక్రాన్ని కప్పే రేకు, మన సైకిలు మడ్‌గార్డుకి పెద్దన్న. కొత్తగా చేసిన నకళ్ళు ఎన్నయినా దొరుకుతాయి, కానీ ఆయనకి ఆ కాలంలో ఆ ఫ్యాక్టరీలో పుట్టిన రేకే కావాలి.

"అటువైపు మా ఆవిడ కూర్చుంటుంది. అటువైపు దొంగ రేకు బిగించలేను" అనేవారు. (అమెరికా కార్లలో డ్రైవరు ఎడమవైపు కదా. ఆయన మాట్లాడేది ఇంగ్లీషే. నేను నా తెలుగులో చెబుతున్నాను.) పెళ్ళయ్యాక చర్చి నుంచి ఇద్దరూ ఆ కార్లోనే వెళ్ళారట. అక్టోబర్‌లో వాళ్ళ యాభయ్యో పెళ్ళిరోజుకి ఆవిణ్ణి మళ్ళీ అందులో ఎక్కించాలని ఆయన కోరిక. "తన మోకాళ్ళు బాగాలేవు. వచ్చే ఏడాదికి అంత కిందకున్న సీట్లో కూర్చోగలదో లేదో" అని ఒకరోజు మెల్లగా అన్నారు. ఆ మాట విన్నాక నేను ఆగలేకపోయాను. "నేను వెతికి పెడతాను" అనేశాను.

సాఫ్ట్‌వేర్ వాడు మాటిస్తే ముందు చేసే పని స్ప్రెడ్‌షీట్ తెరవడం. తెరిచాను. అసలు రేకుని గుర్తుపట్టే కిటుకు పెద్దాయన ముందే చెప్పారు. లోపలి వైపు, పాత ఫ్యాక్టరీలో తనిఖీ చేసినవాడు పసుపు మైనపు పెన్సిల్‌తో రాసిన గుర్తు ఉండాలి. ఇక ప్రతి శనివారం పాతసామాన్ల యార్డులే నాకు తీర్థయాత్ర. మేరీల్యాండ్‌లో ఒకటి దొరికింది గానీ, దాని నిండా మట్టి, తుప్పు, మధ్యలో కందిరీగల గూడు. దూరం నుంచే చూసి "రిజెక్ట్" అని రాసుకున్నాను. చివరికి సెప్టెంబరులో, పెన్సిల్వేనియాలో ఒక ధాన్యపు కొట్టంలో నిగనిగలాడే నల్లటి ఫెండర్ కనబడింది. లోపల పసుపు రంగులో ఏడు అంకె, పక్కన ఒక వంకర గీత! దేవుడే రాసి పెట్టినట్టనిపించింది. మా పెళ్ళికి పెట్టిన షోలాపూర్ దుప్పటిలో చుట్టి, అద్దె వ్యానులో పడుకోబెట్టి తెచ్చాను. పెద్దాయన భార్యతో కూతురి ఇంటికి వెళ్ళి ఉన్నారు. ఫోన్ చేసి చెప్పాను. వెంటనే, "పసుపు గుర్తు ఉందా?" అన్నారు.

"ఉందండీ, స్పష్టంగా ఉంది."

"వచ్చే ఆదివారానికి వచ్చేస్తాను. దాన్ని ఎవర్నీ ముట్టుకోనివ్వకు."

ముట్టుకోకూడదని మా అత్తగారికి చెప్పాలన్న ఆలోచన నాకు రాలేదు. తెనాలి నుంచి ఆరు నెలలు ఉండటానికి వచ్చిన ఆవిడ మూడో నెలకే మా ఇంట్లో తోమదగ్గ వస్తువులన్నీ తోమేశారు. చివరికి డిష్‌వాషర్‌లోంచి తీసిన గిన్నెల్ని కూడా మళ్ళీ తోమేవారు. ఆ ముందురోజు, శనివారం, ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉండి వెళ్ళి, సాయంత్రం తిరిగొచ్చేసరికి డ్రైవ్‌వే అంతా చారు వాసన. గరాజ్ గోడకి ఆనించి నా ఫెండర్ ఎండలో ఆరుతోంది. నలుపంతా పోయి తెల్లగా మెరుస్తోంది. అంచు మీద పసుపు, కుంకుమ బొట్లు. లోపల చూశాను. ఏడూ లేదు, గీతా లేదు.

"అత్తయ్యగారూ! ఏం చేశారండీ?"

"ఏం చేస్తానండీ, కడిగాను. ఎవరింట్లోదో ఏమో, పాత ఇనుము ఇంటికి తెచ్చి కడక్కుండా పెట్టుకుంటారా బాబూ? చింతపండూ ఉప్పూ వేసి పీచుతో రెండు పట్లు పట్టాను, అంతే. రాగి బిందెకైనా ఇంకాస్త మొండితనం ఉంటుంది. ఇది ఇట్టే లొంగింది."

"అదేంటమ్మా, నన్ను అడగచ్చు కదా!" అని మా ఆవిడ తల్లిని కోప్పడబోయి, నా మొహం చూసి నవ్వు ఆపుకోలేక లోపలికి పరిగెత్తింది. నాకు మాత్రం, ఎవర్నీ ముట్టుకోనివ్వకని ఆయన ఫోన్లో అన్న మాటే గుర్తొచ్చింది.

ఇప్పుడు చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, నేను తిన్నగా షాపుకెళ్ళి పసుపు మైనపు పెన్సిల్ ఒకటి కొనుక్కొచ్చాను. మేడ మీద గదిలో కూర్చుని, గ్రోసరీ ప్రకటనల కాగితాల వెనక ఏడు అంకెనే పదేపదే దిద్దాను. యాభై ఏళ్ళ కిందటి అమెరికన్ కార్మికుడి ఏడు ఎంత దిద్దినా మా ఎలిమెంటరీ స్కూలు ఏడులాగే వచ్చేది. పొద్దున్నే లేచి రాసేద్దామనుకున్నాను. లేచి కిందికి దిగేసరికి పెద్దాయన రానే వచ్చారు. మా అత్తగారు గరాజ్ తలుపెత్తి, చీర కొంగుతో ఫెండర్‌ని మళ్ళీ ఒకసారి తుడిచి మరీ చూపిస్తున్నారు.

పెద్దాయన మోకాళ్ళ మీద కూర్చున్నారు. లోపలంతా వేలితో తడిమారు. నేను గుర్తు కడుగుడులో పోయిన సంగతి చెప్పి, క్షమించమన్నాను. ఆయన వినిపించుకోలేదు. "దేంతో కడిగారు?" అన్నారు. చెప్పాను. "అది కాస్త తెమ్మను" అన్నారు.

చింతపండు గిన్నె పట్టుకుని ముగ్గురం ఎదురు గరాజ్‌లోకి వెళ్ళాం. కారు ఎడమ ఫెండర్ అసలుది. దాని లోపల కూడా పసుపు గుర్తుంది. ఆ గుర్తు చివర, వేలెడంత జాగాలో రుద్దమని ఆయన మా అత్తగారికి సైగ చేశారు. ఆవిడ రుద్దారు, ఇంకా గట్టిగా రుద్దారు. గుర్తు చెక్కుచెదరలేదు.

"ఇది పోదు బాబూ" అన్నారు ఆవిడ. "ఇది పట్టిన రంగు. అది మొన్న పూసిన రంగు."

నేను ఇంగ్లీషులో చెప్పేలోపే పెద్దాయనకి అర్థమైపోయింది. నేను తెచ్చింది నకలే. మసిలాంటి నలుపు పూసి, పసుపు గుర్తు గీసి నాకు అంటగట్టారు. ఆయన పెద్దగా నవ్వారు గానీ, నవ్వు ఆగాక గోడ మీద క్యాలెండర్ వైపు చూశారు. ఆ చూపు నేను తట్టుకోలేకపోయాను. ఏం చెయ్యాలో తోచక మేరీల్యాండ్ రేకు సంగతి ఇద్దరికీ చెప్పాను. మట్టి, తుప్పు, కందిరీగలు.

"మట్టి కడిగి చూశారా?" అన్నారు మా అత్తగారు.

చూడలేదు. పిల్లని చూడటానికి వెళ్ళి వాకిట్లోంచే వెనక్కి తిరిగినవాణ్ణి నేను.

మరుసటి శనివారం ముగ్గురం వెళ్ళాం. మా అత్తగారి ఒడిలో నీళ్ళ సీసా, పీచు, నానేసిన చింతపండు డబ్బా. యార్డు వాడు నోరు తెరిచి చూస్తుండగా ఆవిడ చీర కుచ్చెళ్ళు దోపుకుని, ఖాళీ అయిన కందిరీగల గూడు కర్రతో పడగొట్టి, తోమడం మొదలెట్టారు. పావుగంటకి మట్టి కింద నుంచి పసుపు గీత ఒకటి తేలింది. ఇంకా తోమారు. పోలేదు. పెద్దాయన టోపీ తీసి అలాగే నిలబడిపోయారు. నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. (కందిరీగ కుట్టిందని మా ఆవిడకి చెప్పాను.)

అక్టోబర్‌లో ఆ ఎర్ర కారు మా వీధిలోంచి కదిలింది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించింది ఎవరో వేరే చెప్పక్కర్లేదు. పెద్దావిడ మోకాలు పట్టుకుని నెమ్మదిగా కుడివైపు కూర్చుని, కిటికీలోంచి చెయ్యి చాపి ఫెండర్‌ని రెండుసార్లు తట్టారు.

డిసెంబర్లో అత్తగారిని విమానం ఎక్కించడానికి వెళ్ళాం. లోపలికి వెళ్ళబోతూ ఆవిడ నన్ను పక్కకి పిలిచి, మా ఆవిడకి వినపడకుండా అడిగారు. "అల్లుడుగారూ, ఆ పసుపు పెన్సిల్ పారేశారా? ఆ కాగితాల మీద మీరు దిద్దిన ఏడు ఏమీ బాగాలేదండీ. అందుకే ఆవేళ పొద్దున్నే లేచి తలుపు నేనే తీశాను."

ఇదంతా జరిగి పదేళ్ళు దాటింది. పెద్దాయనతో ఇప్పటికీ స్నేహమే, ఆయన పనిముట్ల పెట్టెలో ఇప్పటికీ ఒక చింతపండు ముద్ద ఉంటుంది. పెన్సిల్ మాట మాత్రం ఆయనకి చెప్పలేదు. అది ఇన్నాళ్ళూ నా సొరుగులోనే ఉండిపోయింది. మొన్న మా అమ్మాయి సూర్యుడికి రంగు వెయ్యాలని అడిగితే ఇచ్చేశాను. వేసిన సూర్యుణ్ణి తెచ్చి చూపించింది. నాకెందుకో వేలు తడి చేసి, ఒక మూల మెల్లగా రుద్ది చూడాలనిపించింది.