ఎన్ని బిందెలొచ్చినయి?

నేను తెలుగు టీచర్ని. ఒక మాటను విడగొట్టి పిల్లలకు విప్పి చెప్పడమంటే నాకు మహా సరదా. ఏ మాట దొరికినా వదిలిపెట్టను. ఒక్క మాట జోలికి మాత్రం ఇప్పుడు పోను. పంచాయతీ ఎన్నికలప్పుడు టీవీలో అది వినబడితే చాలు, రిమోట్ కోసం వెతుక్కుంటాను. "ఎలక్షన్లంటే నీకెందుకంత చిరాకు?" అని మా ఆయన నవ్వుతాడు. చిరాకు కాదు, సిగ్గు. ఆ మాట ఏకగ్రీవం.

ఇది తెలంగాణ వచ్చిన కొన్నేళ్ళకు జరిగిన సంగతి. దేవరకొండ నుంచి బస్సులో ముప్పావుగంట దూరంలో ఉన్న ఒక ఊరు, ఏడో తరగతి దాకా ఉన్న బడి. హెడ్మాస్టర్ పోస్టు ఖాళీగా ఉండడంతో ఇన్‌చార్జి బాధ్యత నా నెత్తిన పడింది. మా ఆయన ఉద్యోగం, ఇద్దరు పిల్లలు, అత్తమ్మ అందరూ మహబూబ్‌నగర్‌లో. నేను దేవరకొండలో ఒక గది కిరాయికి తీసుకొని, శనివారం సాయంత్రం ఇంటికి ఉరికి, సోమవారం తెల్లవారకముందే మళ్ళీ బస్సెక్కేదాన్ని. నేను లేచి కదిలితే మా చిన్నది నిద్రలోనే నా కొంగు పట్టుకొని ఏడ్చేది. మహబూబ్‌నగర్ దగ్గర ఏదో ఒక బడికి డిప్యుటేషన్ మీద పంపమని అర్జీ పెట్టుకొని ఏడాది దాటింది. ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత నేను చేసిన పనికి నా దగ్గర ఉన్న సాకు ఇదే. సాకును సాకుగానే చెప్పాలి కదా.

సర్కారు బడికి ఒక కమిటీ ఉంటుంది. బడిలో చదివే పిల్లల తల్లిదండ్రులు తరగతికి ముగ్గురు చొప్పున సభ్యులను ఎన్నుకుంటారు. ఆ సభ్యులు తమలో ఒకరిని చైర్మన్ చేసుకుంటారు. సభ్యుల్లో తల్లులే ఎక్కువ మంది ఉండాలి, పార్టీలు దగ్గరికి కూడా రాకూడదు. కాగితం మీద ఇంత ముచ్చటైన ఎన్నిక ఇంకోటి లేదు. అంతకు ముందుసారి ఎవరూ రాకపోతే మేమే ఇల్లిల్లూ తిరిగి, జర వచ్చి సంతకం పెట్టిపొండని బతిమాలి కమిటీ వేశాం. ఈసారి అలా కాలేదు. బడికి ప్రహరీ గోడ, గదుల మరమ్మతు మంజూరవుతాయని, ఆ పనులన్నీ కమిటీ తీర్మానం మీదే నడుస్తాయని ఊళ్ళో పొక్కింది. అంతే, రెండు పార్టీల వాళ్ళకూ ఒక్కసారిగా మా బడి మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. వాళ్ళ సొంత పిల్లలేమో పొద్దున్నే పసుపుపచ్చ బస్సెక్కి దేవరకొండలో ఇంగ్లీషు మీడియం చదువుకు పోతారు.

అధికార పార్టీ తరఫున ఆ ఊళ్ళో చక్రం తిప్పే పెద్దమనిషి ఒకాయన ఉండేవాడు. భుజం మీద కండువా లేకుండా ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు. ఒకరోజు తన చిన్న కొడుకు ఆధార్ కార్డు పట్టుకొని వచ్చాడు.

"మూడో తరగతిల మా పిల్లగాని పేరు రాసుకోండ్రి మేడం."

"రేపటి నుంచి వస్తడా?"

"వస్తడు, వస్తడు. ముందుగాల పేరైతే ఎక్కియ్యండ్రి."

ఆ పిల్లవాడు రాడని నాకు తెలుసు. నాకు తెలుసని ఆయనకూ తెలుసు. బడిలో బిడ్డ లేనిదే కమిటీలో కాలుపెట్టడానికి లేదు గనుక ఆ పేరు. నా గుండ్రటి చేతిరాతతో అడ్మిషన్ రిజిస్టర్‌లో రాశాను. మర్నాడు నా బస్సుకు ఎదురుగా పసుపుపచ్చ బస్సు వచ్చింది. కిటికీలోంచి మా మూడో తరగతి కొత్త విద్యార్థి నాకు టాటా చెప్పాడు. ఇక హాజరు పట్టీలో వాడి పేరు ఎదుట టిక్కులు ఎవరు పెట్టారని మాత్రం అడగకండి.

అదే వారం ఏడో తరగతి పిల్ల తల్లి ఒకామె వచ్చింది. పత్తి ఏరడానికి కూలికి పోయే మనిషి. భర్త హైదరాబాద్‌లో సెంట్రింగ్ పనిచేస్తూ నెలకోసారి వస్తాడు. లోపలికి రమ్మన్నా రాకుండా గడప దగ్గరే నిలబడింది.

"మేడం, నా బిడ్డ నెలకు నాలుగు దినాలు బడికెందుకు వస్తలేదో మీకెర్కేనా?"

నాకు ఎరుకే. ఆడపిల్లల మరుగుదొడ్డికి గోడలున్నాయి, తలుపుంది, నీళ్ళు మాత్రం లేవు. బోరు నుంచి అక్కడిదాకా పైపు వెయ్యాలి. ఇదిగో అదిగో అంటూ ఏళ్ళు గడిచాయి.

"మొగపోరగాండ్లు గోడ చాటుకు ఉరుకుతరు. ఇదేడికి పోవాలె? చేన్లు చెల్కలకు పోతే ఎనుకకెల్లి నవ్వుతున్నరట. ఇగ బడికే పోనంటాంది. నాతోని పత్తికొస్తనంటాంది." ఆమె నిజంగానే తెలుసుకుందామని అడిగింది. "మరి మీరేడికి పోతరు మేడం?"

టీచర్లకు వేరే బాత్రూం ఉంది. అందులో డ్రమ్ము నిండా నీళ్ళు పోయించి తాళం వేసేవాళ్ళం. తాళంచెవి నా బ్యాగులో ఉండేది. "మాకు వేరే ఉన్నదమ్మా" అని మాట మార్చాను. మార్చడానికి ఏదో ఒకటి కావాలి గనుక ఎన్నిక సంగతి ఎత్తాను. "నువ్వే కమిటీల నిలబడరాదు? నువ్వు చైర్మన్ అయితే మొదటి తీర్మానం నీళ్ళ పైపుదే చేద్దాం."

మాట మార్చడానికే మొదలుపెట్టినా, అనేసరికి మనస్ఫూర్తిగానే అన్నాను. ఆమె ముందు నవ్వింది. తర్వాత నవ్వడం ఆపేసి ఆలోచించింది.

"చేతులెత్తుడైతే నాకెవ్వరు ఎత్తరు మేడం. ఆ కండువా ఆయన ముంగట ఎవరెత్తుతరు? రేపు ఆయన చెల్కలకే కూలికి పోవాలె. చీటీలు ఏపిస్తరా?"

"వేయిస్త."

"మాటేనా?"

"మాటే."

రూల్స్‌లో కూడా ఆ వీలుంది. ఒకరికి మించి నిలబడితే చీటీలు వేయించవచ్చు. సభ్యులు కాబోయే తల్లుల్లో చదువురాని వాళ్ళే ఎక్కువ కాబట్టి చీటీల మీద బొమ్మలు వేయించాలనుకున్నాను. ఆ పని ఆమె కూతురికే అప్పగించాను, బొమ్మలు బాగా గీస్తుంది. కండువా ఆయనకు బడిగంట గుర్తు. "మీ అమ్మకు ఏం బొమ్మ?" అని అడిగితే ఆలోచించకుండా "బిందె" అంది. రెండు పూటలు నా టేబుల్ పక్కన కూర్చొని, నాలుక కొస బయటపెట్టి, ఇరవై ఒక్క చీటీల మీదా గంటా బిందే గీసింది. ప్రతి బిందె మూతి దగ్గరా రెండు నీటి చుక్కలు కూడా వేసింది.

ఆ వారమే క్లాసులో పేపరు చదివిస్తుంటే ఏకగ్రీవం అన్న మాట వచ్చింది. నేను ఊరుకుంటానా? "గ్రీవం అంటే మెడ. ఏకగ్రీవం అంటే అందరికీ కలిపి ఒకటే మెడ, అందరిదీ ఒకటే మాట" అని నా మెడ పట్టుకొని చూపించాను. పిల్లలంతా తమ మెడలు పట్టుకొని పకపకా నవ్వారు.

ఎన్నిక నాటి పొద్దున కండువా ఆయన, అదే తీరున తన బిడ్డ పేరూ మా రిజిస్టర్‌లో ఎక్కించుకున్న ఎదుటి పార్టీ పెద్దమనిషి కలిసి ఒకే బండి మీద వచ్చారు. ఉప్పూ నిప్పూగా ఉండే మనుషులు నా గదిలో చాయ్ తాగుతూ ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకున్నారు.

"అంతా మాట్లాడుకున్నం మేడం. చైర్మన్ నేను. వైస్ చైర్మన్ ఈయన ఇంటామె. కిరికిరి లేదు. ఏకగ్రీవం."

"ఏడో తరగతి పిల్ల తల్లి ఒకామె నిలబడతనంటున్నది. చీటీలు..." అన్నాను.

"చీటీలెందుకు మేడం, చేతులు లెవ్వా?" అని ఎదుటి పార్టీ ఆయన నవ్వాడు. కండువా ఆయన గ్లాసు కింద పెట్టి లేస్తూ, అప్పుడే గుర్తొచ్చినట్టు అన్నాడు. "అన్నట్టు మేడం, మీ డిప్యుటేషన్ ముచ్చట నాకు యాదున్నది. మహబూబ్‌నగరే గద? పైకి చెప్పి పెట్టిన. ఫికర్ చెయ్యకుండ్రి."

ఆయన బెదిరించలేదు. బెదిరిస్తే నాకు కోపం వచ్చేది, కోపం వస్తే నేను గట్టి మనిషిని. ఆయన సాయం చేస్తానన్నాడు. దానికి నా దగ్గర మందు లేదు.

రోజూ ప్రార్థన చేయించే చోటే మీటింగు. మొదట నియమాలు చదవాలి. ఎన్నికలో రాజకీయ పార్టీల జోక్యం ఉండరాదు అన్న వాక్యం దగ్గరికి వచ్చేసరికి కండువా ఆయనే, "గట్టిగ సదువుండ్రి మేడం, ఎనుకున్నోళ్ళకు ఇనవడాలె" అన్నాడు. గట్టిగానే చదివాను. తరగతికి ముగ్గురు చొప్పున సభ్యుల ఎంపిక అరగంటలో అయిపోయింది. ఏడో తరగతి ముగ్గురిలో ఆమె ఉంది. చైర్మన్‌గా కండువా ఆయన పేరు ఎవరో అన్నారు.

"ఇంకెవరన్న ఉన్నరా?"

ఆమె చెయ్యెత్తింది. పత్తికాయ కొసలు గీరుకుపోయిన చెయ్యి. గాజులు మోచేతి దాకా జారాయి. "నేను నిలవడత" అని వెనక్కి చూసింది. వెనుక ముగ్గురు తల్లుల చేతులు లేచాయి. ఆయన ఊరికే తిరిగి చూశాడు. లేచిన ఒక చెయ్యి తలమీద కొంగు సర్దుకుంది. ఇంకొకటి చెవి వెనక్కి వెంట్రుకలు దోపుకుంది. మూడోది లేని ఈగను తోలింది.

"మేడం, చీటీలు" అని ఆమె నావైపు తిరిగింది.

చీటీలు నా టేబుల్ సొరుగులో ఉన్నాయి. పది అడుగులు నడిస్తే చాలు. ఆ క్షణాన మా చిన్నదాని మొహం కళ్ళ ముందు మెదిలిందని చెబితే బాగుంటుంది గానీ అది అబద్ధం. ఎవరి మొహమూ మెదలలేదు. ఇది తొందరగా అయిపోతే బాగుండు అనిపించింది, అంతే.

"ఒక్కరి కోసం చీటీలెందుకమ్మా, అందరూ ఒప్పుకున్నట్టే కదా. చెయ్యి దించు" అన్నాను.

దించలేదు. నేను తీర్మానాల పుస్తకంలో 'ఏకగ్రీవంగా ఎన్నుకోవడమైనది' అని రాస్తున్నంతసేపూ ఆ చెయ్యి పైనే ఉంది. చప్పట్లు మోగాయి. సభ్యులందరూ వరుసగా వచ్చి సంతకాలు పెట్టాలి, పెట్టారు. ఆమె వంతు వచ్చింది. అప్పుడు చెయ్యి దించి, పెన్ను అందుకొని, కూతురు నేర్పిన అక్షరాలతో తన పేరు మెల్లగా రాసింది. తాను ఒప్పుకోని దాని కింద ఆమె చేత సంతకం పెట్టించింది నేనే.

ఆఖరి పీరియడ్ ఏడో తరగతిది. నేను లోపలికి పోవడమే ఆలస్యం, ఆ పిల్ల లేచి నిలబడింది. చప్పట్లు వినపడ్డాయి కదా, ఆగలేకపోతోంది.

"మేడం, ఎన్ని బిందెలొచ్చినయి?"

నా నోటికి ఒకే ఒక మాట వచ్చింది. "ఏకగ్రీవం."

పిల్ల మొహం వెలిగిపోయింది. "అంటే అందరు బిందెకే ఏసిన్రా మేడం?" అని రెండు చేతులతో మెడ పట్టుకొని నవ్వింది. క్లాసంతా మెడలు పట్టుకొని నవ్వింది.

"మీ అమ్మనడుగు" అని బోర్డు వైపు తిరిగాను. ఏం రాశానో గుర్తు లేదు.

తర్వాత ప్రహరీ గోడ లేచింది. దానికి ఏ రంగు వేశారో చెప్పనక్కర్లేదు. పైపు సంగతి నేను రెండుసార్లు ఎత్తాను, చైర్మన్ గారు రెండుసార్లూ "చూద్దాం మేడం" అన్నారు. మూడోసారి ఎత్తలేదు. ఆ పిల్ల నాలుగు రోజులు రాలేదు, తర్వాత వారం, తర్వాత అసలు రానేలేదు. పత్తి ఏరడం అయిపోకముందే నా డిప్యుటేషన్ ఆర్డరు వచ్చింది. మా చిన్నదానికి ఫోన్లో చెబితే ఎగిరి గంతేసింది. నాకూ సంతోషంగానే ఉంది. ఆ సంతోషానికి కూడా సిగ్గుపడాలి గానీ అప్పుడు పడలేదు.

చార్జి అప్పగించి, బ్యాగు పట్టుకొని బస్టాండు దగ్గర నిలబడితే పత్తి కూలీల ఆటో ఆగింది. ఆమె, పక్కనే కూతురు. గౌను మీద నాన్న ఫుల్‌చేతుల అంగీ, తలకు తువ్వాల. "నమస్తే మేడం" అంది పిల్ల, క్లాసులో అన్నట్టే.

"పోతున్నరంట గద మేడం" అంది తల్లి. "మంచిగనే అయింది. పిల్లలు యాది చేస్తుంటరు."

"బిడ్డను బడికి పంపమ్మా" అన్నాను. ఇంకేం అనాలో తోచక అన్నాను.

ఆమె నాకేసి చూసింది. కోపం లేదు ఆ చూపులో. "పార్టీలోళ్ళను ఏమనను మేడం, వాళ్ళు గంతే. మీ బాత్రూం తాళంచెవి నెలకు నాలుగు దినాలు దీనికిస్తే అయిపోతుండె. గంత దానికి ఓట్లెందుకు అనిపిస్తది నాకు."

ఆటో కదిలిపోయింది. పిల్ల వెనక్కి తిరిగి చెయ్యి ఊపింది. ఆ తాళంచెవి ఇవ్వడానికి తీర్మానం అక్కర్లేదు, చైర్మన్ అక్కర్లేదు, ఎవరి చెయ్యీ లేవనక్కర్లేదు. ఆమె నా గడపలో నిలబడి మీరేడికి పోతరని అడిగిన రోజే తీసి ఇవ్వవలసింది. బస్సెక్కి టికెట్ కోసం బ్యాగులో చెయ్యి పెడితే చల్లగా అదే తగిలింది. అప్పగించినట్టు చార్జి కాగితంలో రాసి సంతకం కూడా పెట్టాను, ఇవ్వడం మరిచిపోయాను.