బరోక్ పాటకు భళా

ఐర్లండులోని గాల్వేలో ఒక చర్చిలో బరోక్ కచేరీకి, అంటే మూడొందల ఏళ్ళనాటి యూరప్ సంగీతం వినడానికి, వెళ్ళాను. గాయని ఒక పాట రెండు భాగాలూ పాడి, మళ్ళీ మొదటి భాగానికొచ్చింది. ఈసారి అదే వరుసకు కొత్త సంగతులు వేసింది. "భళా!" అనేశాను.

పక్కనున్న ఐరిష్ పెద్దాయన కళ్ళెర్రజేశాడు. పాటయ్యాక, "ఇక్కడ నిశ్శబ్దంగా వినాలమ్మా," అన్నాడు.

"రెండోసారి సొంత సంగతులు వేయడమే ఈ పాటలో గొప్ప. అప్పటి శ్రోతలు మధ్యలోనే మెచ్చుకునేవారు. మా లూకన్ ఊరి లైబ్రరీలో చదివానండీ. మీ పబ్బుల్లో పాట మధ్యలో శభాష్ అనరా?"

"అది పబ్బు."

"అక్కడా పాడేది మనిషేగా!"

తర్వాతి పాటకు వయొలిన్లు ఎత్తుకోగానే ఆయన నా వైపు వంగాడు.

"ఆ రెండోసారి ఎప్పుడొస్తుందో చెప్తావా?"

"చెప్పను. వినండి," అన్నాను.