మల్లమ్మ తైదపిండి

లక్డారం ఊరి మల్లమ్మ బిడ్డను చూసినవాళ్లు ఆ ఇంట్లో తిండికి కరువుందంటే నమ్మేవాళ్లు కాదు. బిడ్డ పేరు అనసూజ. ఆ పిల్లకు ఆరో నెల నడుస్తుండగా తండ్రి యాదన్న బావి తవ్వుతూ దరి విరిగి మీద పడి చనిపోయాడు. ఆ దుఃఖంతో మల్లమ్మకు పాలు ఎండిపోయాయి. ఊళ్లో బర్రెపాలు పోసే ఇళ్లున్నాయి కానీ విధవరాలికి అప్పు పోసేవాళ్లు లేరు. అప్పుడామెకు తన తల్లి చేసే పిండి గుర్తొచ్చింది.

రాగులను ఆ పక్క ఊళ్లలో తైదలంటారు. మల్లమ్మ తైదలు నానబెట్టి, తడిగుడ్డలో మూటగట్టి మొలకలు రానిచ్చింది. నీడపట్టున ఆరబెట్టి, మట్టి పెంకులో కమ్మటి వాసన లేచేదాకా దోరగా వేయించింది. బియ్యం వేరుగా, పెసరపప్పు వేరుగా వేయించి, చిటికెడు వాము వేసి, అన్నీ కలిపి ఇసుర్రాయిలో విసిరింది. పాత ధోతీ గుడ్డలో జల్లించిన ఆ పిండిని మరిగే నీళ్లలో జారుగా ఉడికించి బిడ్డ నోటికి అందిస్తే, పిల్ల చప్పరించి మింగింది. ఏడాది తిరిగేసరికి అనసూజ బుగ్గలు నిండాయి, తొడలు మడతలు పడ్డాయి.

ఆ సంగతి పటాన్‌చెరు దాకా పాకింది. పోలీసు చర్య జరిగి నాలుగైదేళ్లయిన రోజులవి. ఊళ్లు అప్పుడప్పుడే కుదుటపడుతున్నాయి, పెళ్లిళ్లు జరుగుతున్నాయి, పిల్లలు పుడుతున్నారు. చంటిపిల్లలున్న ఇళ్లవాళ్లు మల్లమ్మను పిలిపించుకునేవాళ్లు. గింజలు వాళ్లవి, రెక్కలు ఈమెవి. విసిరినందుకు దోసెడు గింజలు కొంగున కట్టుకుని వచ్చేది. పనిచేస్తూనే పడుచు తల్లులను అదిలించేది.

“పొద్దటి జావ మాపటికి పెట్టకు. గిన్నెను ఉడుకు నీళ్లతోని కడుగు. ఏడ్సినప్పుడల్లా నోట్లె బెల్లంముక్క కుక్కకు. ఏడాది దాటినంక మెత్తగ ఉడికిన అన్నం, పప్పు, ఇంత పాలకూర పిసికి పెట్టు. గుమ్మడికాయ ఉడకేసి పెట్టు. మొగోళ్లు తిన్నంక మిగిలింది కాదు, ముందుగాల పిల్లకు తీసి పెట్టు.”

ఆ మాటలకు అత్తలు మూతి తిప్పుకునేవాళ్లు, కోడళ్లు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుకునేవాళ్లు. పిల్లలు మాత్రం ఒళ్లు చేసేవాళ్లు.

పటాన్‌చెరు బజారులో ధాన్యం దుకాణం వెంకటేశం ఇల్లు పెద్దది. అతని భార్య పుష్పమ్మకు ఇరవై ఏళ్లు నిండలేదు. రెండు కాన్పులు పోయాక పుట్టిన మగపిల్లవాడు ఆమె ఒడిలో ఉన్నాడు. పుష్పమ్మ మామ పెద్దరాములుకు ముసలితనంలో నల్లమందు అలవాటు. ఆ డబ్బీని పగలంతా మొలలో దోపుకుని, స్నానానికి వెళ్లేటప్పుడు గూట్లో పెడతాడు. అత్త సత్తెమ్మకు వేరే అలవాటు అక్కరలేదు, కోడలిని తిట్టడమే చాలు. హమాలీలకు వంట, గొడ్ల పని, గోతాలు కుట్టే పని అన్నీ పుష్పమ్మవే. పిల్లవాడు ఏడిస్తే పని ఆగేది. పని ఆగితే సత్తెమ్మ నోరు లేచేది.

“పోరని నోరు మూపిచ్చెటందుకు గూడ శాతగాదా నీకు? ఇద్దరిని మింగినవ్, వీణ్ణి గూడ మింగుతవా?”

ఒకరోజు మల్లమ్మ విసరడానికి వెళ్లేసరికి పిల్లవాడు మంచం మీద నోరు తెరుచుకుని పడున్నాడు. పాలవేళ దాటినా కదలిక లేదు. మల్లమ్మ రెప్ప ఎత్తి చూసింది. కంటిపాప నువ్వుగింజంత ముడుచుకుపోయింది. పుష్పమ్మ వేలు పట్టి వాసన చూసింది.

“నల్లమందు పెట్టినవా?”

పుష్పమ్మ కాళ్ల మీద పడిపోయింది. “గింతే అక్కా, ఆవగింజంత. మామ డబ్బీలకెల్లి తీసిన. వీడు పండుకుంటె నేను పని జేస్కుంట. మా అత్తతోని చెప్పకక్కా, నన్ను సంపుతది.”

“ఇంకోపారి పెడ్తె పిల్లగాడు లెవ్వడు. గది ఎరుకేనా నీకు?”

“పెట్టనక్కా. వీని మీద ఒట్టు.”

ఇద్దరూ కలిసి పిల్లవాడి ముఖాన చన్నీళ్లు చల్లి, అరికాళ్లు రుద్ది, వాడు ఏడ్చేదాకా ఎత్తుకుని తిప్పారు. మల్లమ్మ ఆ సంగతి ఎక్కడా పొక్కనివ్వలేదు. బయటపడితే ఆ పిల్లను జుట్టు పట్టి ఈడ్చి పుట్టింట పారేస్తారని ఆమెకు తెలుసు. తర్వాత వెళ్లినప్పుడల్లా ముందు పిల్లవాడి కళ్లు చూసేది. కళ్లు తేటగా ఉండేవి, జావ గిన్నె నాకేసేవాడు. ఆమె మనసు కుదుటపడింది.

కోతలైపోయాయి. బండ్ల మీద ధాన్యం వచ్చిపడుతోంది. ఒక పూట మల్లమ్మ దర్జీ అజీజ్ ఇంట్లో అతని భార్య కుల్సుమ్‌కు తైదలు వేయించి ఇస్తుండగా వెంకటేశం జీతగాడు బాలప్ప రొప్పుతూ వచ్చాడు.

“మల్లమ్మా, లే. నీ పిండి తిని మా షావుకారు కొడుకు సచ్చిపోయిండు.”

చేతిలోని గరిట వదిలేసి, అనసూజను చంకనేసుకుని మల్లమ్మ అతని వెంట వెళ్లింది. వాకిలి నిండా జనం. పిల్లవాడిని మంచం మీద పడుకోబెట్టారు. పెదవులు నల్లగా కమిలి ఉన్నాయి. చూడగానే మల్లమ్మకు అంతా అర్థమైంది. పుష్పమ్మ గోడకు ఆనుకుని ఉంది. ఆమె కంట చుక్క నీరు లేదు.

“ఏం కలిపినవే పిండిల?” సత్తెమ్మ మీదికొచ్చింది.

“నేనేం కలుపుత? గింజలు మీయే, విసిరింది మీ ఇంట్లనే.”

వెంకటేశం భార్య వైపు తిరిగాడు. “పొద్దుగాల ఏం పెట్టినవ్?”

“మల్లమ్మ పిండి. గంతే. ఇంకేం పెట్టలె.”

మల్లమ్మ పుష్పమ్మను చూసింది. పుష్పమ్మ నేలను చూసింది. నిజం మల్లమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. ఇప్పుడు చెబితే ఈ జనం ఈ పిల్లను ఇక్కడే చంపేస్తారు అనుకుంది. పిండిలో ఏమీ లేదని తేలితే చాలు, ఎవరి పేరూ ఎత్తే పని ఉండదు అనుకుంది. ఆమె చేసిన తప్పు అదొక్కటే.

“గదే పిండి నీ బిడ్డకు పెట్టు. మా అందరి ముంగట పెట్టు” అన్నాడు వెంకటేశం.

జనం అవునవునన్నారు. పిండి కుండ తెచ్చి ఆమె ముందు పెట్టారు. అప్పుడు మల్లమ్మకు ఒక అనుమానం తట్టింది. ఆ వెర్రిది నల్లమందు నూరి కుండలోనే కలిపి ఉంటే? చిటికెడు పిండి నాలుక మీద వేసుకుంది. చేదు లేదు. అయినా నమ్మకం చిక్కలేదు.

“నేను తింట. కుండెడు తింట. పిల్లనెందుకు?”

“పెద్ద పాణానికి ఏమైతది? పిల్లకు పెట్టు. భయమైతుందంటె ఏందో కలిపినట్టే” అంది సత్తెమ్మ.

వాకిట్లోనే మూడు రాళ్లు పెట్టి మల్లమ్మ జావ కాచింది. అందరూ ఆమె చేతినే చూశారు. అనసూజకు ఆకలిగా ఉంది. గిన్నె ఖాళీ అయ్యేదాకా తిని, ఇంకా కావాలని తల్లి చేయి పట్టి లాగింది.

అందరూ కూర్చుని ఎదురుచూశారు. ఎండ నడినెత్తికొచ్చి వాలుతోంది. పోతానంటే పోనివ్వలేదు, నీళ్లడిగితే ఇవ్వలేదు. అనసూజ తప్పటడుగులు వేస్తూ మంచం దగ్గరికి వెళ్లి పడుకున్న పిల్లవాడి పాదం పట్టుకుంది. సత్తెమ్మ ఒక్క తోపు తోసింది. పిల్ల వెల్లకిలా పడి, గుక్కపట్టి ఏడ్చి ఏడ్చి, తల్లి భుజం మీద కళ్లు మూసింది.

“సూడుండ్రి, సూడుండ్రి! కండ్లు మూస్తుంది!” ఎవరో అరిచారు.

జనం ముందుకు తోసుకొచ్చారు. వెనకున్నవాళ్లు మునివేళ్ల మీద నిలబడి చూశారు. ఆ ముఖాల్లో ఉన్నది భయం కాదని మల్లమ్మ గ్రహించింది. ఎక్కడ తన బిడ్డ లేచి కూర్చుంటుందోనని వాళ్లకు బెంగ. పిచ్చెత్తినట్టు పిల్లను కుదిపింది. బుగ్గ మీద కొట్టింది. అనసూజ ఉలిక్కిపడి లేచి రాగం తీసింది. ఊరికే నిద్రపోయింది పిల్ల.

జనం వెనక్కి తగ్గారు. ఒకరిద్దరు విసుగ్గా తువ్వాళ్లు దులుపుకున్నారు.

“తిన్నది గద. బతికే ఉన్నది గద. ఇగ నన్ను పోనియ్యుండ్రి” అంది మల్లమ్మ.

“దాని బిడ్డకు విరుగుడు ముందే తాపి తెచ్చింది” అంది సత్తెమ్మ.

అందరూ ఒక్కసారే అదే మాట అందుకున్నారు. విరుగుడు లేకుంటే పిల్ల ఎట్లా బతుకుతుంది? ముందే అన్నీ అనుకుని వచ్చింది. మొగుణ్ణి మింగింది, పచ్చని ఇల్లు చూసి ఓర్చుకుంటుందా?

అప్పుడు మల్లమ్మ చెప్పింది. నల్లమందు అని గొంతు చించుకుని చెప్పింది. “పెద్దయ్యా, నీ డబ్బీ తీసి సూడు. తగ్గిందా లేదా నీకెరుక కాదా?”

పెద్దరాములు చేయి మొలలోకి వెళ్లి డబ్బీని తడిమి అక్కడే ఆగింది. ముసలాయన ఒకసారి కోడలి వైపు చూశాడు. “నా డబ్బీ నా తాననే ఉన్నది. నా ఇంటి మీదికి తెస్తవా?” అన్నాడు.

“కన్నకొడుక్కు నా శేతుల్తోని నేను పెట్టుకుంటనా!” అంటూ పుష్పమ్మ అప్పుడు ఏడ్చింది. ఆ ఏడుపు నిజమైనదే. అందుకే అందరూ నమ్మారు.

వెంకటేశం చెప్పు తీశాడు. ఆడవాళ్లు జుట్టు పట్టారు. నిన్నటిదాకా ఆమె పిండితో పిల్లలను పెంచుకున్న చేతులే అవి. అనసూజను కిందపడనివ్వకుండా పొట్టకు హత్తుకుని, దెబ్బలన్నీ వీపు మీద కాసుకుంటూ మల్లమ్మ ఆ వాకిలి దాటింది.

మర్నాటి నుంచి ఇంటింటా పిండి పెంటకుప్పల పాలైంది. లక్డారంలో బావి దగ్గర ఆడవాళ్లు ఆమెను చూసి పిల్లల ముఖాలు కొంగుతో కప్పేసేవాళ్లు. కుల్సుమ్ ఒక్కతే కబురు పంపింది. మల్లమ్మ ఆశగా వెళ్తే గడపలోనే ఆపింది.

“నీ పిండి మంచిదే, నాకెరుక. నా పోరడు దాంతోనే పెరుగుతుండు. కని ముంగటి దర్వాజకెల్లి రాకు. చీకటి పడ్డంక ఎనుకకెల్లి వచ్చి ఇచ్చి పో. మా ఆయన పరేషాన్ అయితుండు.”

మల్లమ్మ కొన్నాళ్లు అలాగే ఇచ్చి వెళ్లింది. తర్వాత కుల్సుమ్ ఆ కాస్త కూడా వద్దంది. పట్నం నుంచి పాలడబ్బాలు వస్తున్నాయట.

బొంబాయి సడకుకు కంకర కొట్టే పనిలో చేరి మల్లమ్మ సంగారెడ్డి దిక్కుకు పోయింది. కూలిగుంపుతోపాటు గుడిసెలు ఎక్కడ పడితే అక్కడే ఆమె కాపురం. అనసూజ జొన్నరవ్వ ఉడికించిన గటకతో పెరిగింది. మడతలు పోయాయి, మోకాళ్లు తేలాయి.

ఒకసారి సడకు మీద గూడు కట్టిన కచ్చడం ఎడ్లబండి ఒకటి ఆగింది. అందులోంచి పుష్పమ్మ దిగింది. ఒడిలో మరో మగపిల్లవాడు ఉన్నాడు. చర్మం వేలాడుతున్న తొడలు, పెద్ద తల.

“అక్కా, నువ్వీడ పని చేస్తున్నవని విని వచ్చిన. ఏం పెట్టినా వీనికి ఒంటికి పడ్తలేదు. గా పిండి ఎట్ల జేస్తరో చెప్పు. నేనే చేస్కుంట. నీ పేరు ఎవ్వల ముంగటా ఎత్త.”

మల్లమ్మ సుత్తి కింద పెట్టింది. “గా దినం ఏం పెట్టినవో గీ ఆడోళ్ల ముంగట చెప్పు. అప్పుడు చెప్త.”

పుష్పమ్మ కంకరకుప్పల మీది ఆడవాళ్లను చూసింది. “తెలిస్తే సంపుతరక్కా.”

“మరి నన్ను సంపలేదా?”

పుష్పమ్మ పిల్లవాడి మీద కొంగు కప్పింది. వచ్చినట్టే బండెక్కి వెళ్లిపోయింది. ఆ పిల్లవాడు చావలేదు. డబ్బాపాలతో తేరుకున్నాడని, మొదటివాణ్ణి పిండి చంపితే రెండోవాణ్ణి డబ్బా బతికించిందని సత్తెమ్మ బజారంతా చెప్పుకుంటోందని అటునుంచి వచ్చిన కూలీలు అన్నారు.

ఆ ఏడే కూలిగుంపులో నర్సన్న అనే అతని భార్య ప్రసవించింది. పాలు చాల్లేదు. పిల్ల ఏడో నెలకు కూడా మెడ నిలపలేదు. తుమ్మచెట్టుకు కట్టిన జోలెలోంచి పిల్లి కూతలా ఏడుపు వినిపించేది. ఆ తల్లి ఒకనాడు మల్లమ్మ దగ్గర కూలబడింది.

“అక్కా, నువ్వు బిడ్డను పెంచినదానివి. దీనికి ఏం పెట్టాల్నో చెప్పరాదు?”

గుడిసెలో తైదలున్నాయి. ఇసుర్రాయి పక్క గుడిసెలో ఉంది. మల్లమ్మ జోలె దగ్గరికి వెళ్లి పిల్లను చూసింది. పిల్ల కళ్లు తిప్పి ఆమెను చూసింది. ఆ వాకిలి, ఆ మంచం, మునివేళ్ల మీద నిలబడిన జనం గుర్తొచ్చి ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. తాను పెట్టాక ఈ పిల్ల పోతే?

“నాకేం తెల్వదు” అంది మల్లమ్మ.

ఆ తల్లి ఇంకోమారు అడిగింది. మల్లమ్మ మళ్లీ అదే మాట అని తన రాళ్లకుప్ప దగ్గరికి వెళ్లిపోయింది. వానలు మొదలయ్యేసరికి ఆ పిల్ల పోయింది. సడకు పక్కన గుంత తవ్వడానికి గడ్డపార పట్టినవాళ్లలో మల్లమ్మ కూడా ఉంది.